జ్వరం లేని మనిషి

మలేరియా పరాన్నజీవికి మన రక్తంలో రెండు రూపాలు. ఒకటి ఎర్ర రక్తకణాలను పగలగొట్టుకుంటూ పెరిగి చలీ జ్వరమూ తెప్పిస్తుంది. రెండోది గామెటోసైట్, దోమలోకి వెళ్లడానికి తయారయ్యేది. ఫాల్సిపారం జాతిలో అది నెలవంక ఆకారంలో ఉంటుంది. ఎముక మజ్జలో పది పన్నెండు రోజులు దాగి పెరిగి, ముదిరాక రక్తంలోకి వస్తుంది. మనిషికి ఏ బాధా తెలియదు. కుట్టిన దోమకు మాత్రం వ్యాధి అందుతుంది.

పీహెచ్‌డీ తర్వాత హైదరాబాద్‌లో నేను చేరిన ల్యాబులో నా పనంతా ఈ రూపం మీదే. రక్తంలో పెరిగే పరాన్నజీవుల్లో కొద్ది శాతమే ఇటు మళ్లుతాయి. మళ్లించేది ఏపీ2-జీ అనే జన్యువు. అది చెడితే గామెటోసైట్లే పుట్టవని 2014లో రెండు బృందాలు 'నేచర్' పత్రికలో చూపించాయి. మామూలుగా హెచ్‌పీ1 అనే ప్రొటీన్ ఆ జన్యువును అణచి ఉంచుతుంది, జీడీవీ1 వచ్చి ఆ అడ్డు తీస్తుంది. ఎప్పుడు, ఎందుకు తీస్తుందన్నది నా ప్రశ్న. రోజూ కల్చర్‌లో పాత ద్రవం తీసి కొత్తది పోయడం, గీమ్సా రంగు వేసిన స్లైడుల్లో నెలవంకలు వెతకడం. నాకు ఎంతో ఇష్టమైన పని అది. సెమినార్లలో ప్రతిసారీ ఒక మాట నొక్కి చెప్పేదాన్ని: జ్వరం తగ్గిన ఫాల్సిపారం రోగికి ప్రైమాక్విన్ ఇచ్చేది అతని కోసం కాదు, అతన్ని కుట్టబోయే దోమ కోసం, ఆ దోమ కుట్టబోయే ఇంకొకరి కోసం.

అలాంటి నేను సెలవుకి మా ఊరు మండవల్లి వచ్చినప్పుడు చేసిన పని ఇది. ఆశా కార్యకర్త బోదకాలు మాత్రలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. డీఈసీ మూడు, అల్బెండజోల్ ఒకటి, తన ఎదురుగానే మింగాలంది. "ఇంట్లో ఎవరికీ ఏమీ లేదమ్మా, ఊరికే మందులెందుకు, వేసుకుంటే కళ్లు తిరుగుతాయి" అన్నాను. అమ్మ చేయి చాపబోయి వెనక్కి తీసుకుంది. అరుగు మీద కూర్చున్న ఇరుగుపొరుగు వాళ్లూ మాత్రలు పక్కన పెట్టేశారు. దోమల జబ్బుల మీద పెద్ద చదువు చదివిన పిల్ల వద్దంటే ఇంకెవరు మింగుతారు?

మా నాయనమ్మకు బోదకాలు ఉండేది. రోజూ సాయంత్రం కాలు కడుక్కుని, వేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకుని, ఎత్తు మీద పెట్టుకుని కూర్చునేది. అంత దగ్గరగా చూసి కూడా ఆ జబ్బు ఆమె తరంతో పోయిందనుకున్నాను. కొల్లేరు చుట్టుపట్ల మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమే దాన్ని మోసుకొస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి, అందుకే పరీక్షకు రక్తం రాత్రి తీస్తారు. అవి ఉన్న మనిషి ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. దోమకు అందేది అతని దగ్గరి నుంచే. మాత్ర చంపేది ముఖ్యంగా ఆ పిల్లలనే. పెద్ద పురుగు ఏళ్ల తరబడి బతికి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది కాబట్టి ఏటా వేసుకోవాలి, ఊళ్లో కనీసం 65 శాతం మంది మింగాలి. కొందరికి కళ్లు తిరిగినా, కాస్త జ్వరం తగిలినా, చాలాసార్లు అది రక్తంలోని పురుగు పిల్లలు చస్తున్నందువల్లే. అంటే నేను భయపెట్టిన లక్షణమే మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

సెమినార్లలో నేను చెప్పే సూత్రమే ఇది. పురుగు వేరు, దోమ వేరు, అంతే. నా గడపలో అది గుర్తుకు రాలేదు.

గుర్తు చేసింది హైదరాబాదే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన బేగంపేట భవనానికి కొత్తగా చేరిన విద్యార్థులను తీసుకెళ్లాను. రాస్‌ను ఆ దారి పట్టించింది ప్యాట్రిక్ మాన్సన్ అని వాళ్లకు చెబుతున్నాను. మాన్సన్‌కు ఆ ఆలోచన ఎక్కడిది? 1877లో చైనాలో దోమ ఒంట్లో ఆయన ఫైలేరియా పురుగును ఎదుగుతుండగా చూశాడు. మలేరియాకు దోమ దారి చూపించింది ఫైలేరియానే. ఆ మాట నోట్లో ఉండగానే ఆశా కార్యకర్త చేతిలోని మాత్రలు కళ్ల ముందు మెదిలాయి. హెట్రజాన్ పేరుతో డీఈసీని 1947లో లోకానికి ఇచ్చిన లెడర్లీ బృందాన్ని నడిపింది ఎల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది భీమవరంలో. మా స్టేషన్‌లో రైలెక్కితే కైకలూరు దాటి వచ్చే ఊరు.

మరుసటి విడత మాత్రలు వచ్చే సమయానికి సెలవు పెట్టి వెళ్లాను. ఆనాడు అరుగు మీద ఉన్న ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్లి, నేను తప్పు చెప్పానని చెప్పాను. ఎదురింటి పిన్ని అంతా విని అడిగింది:

"అయితే అప్పుడు తెలియక వద్దన్నావా అమ్మాయ్?"

"తెలుసు పిన్నీ. తెలిసీ మనింటి సంగతి అనుకోలేదు."

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, మాత్రలు తీసుకోబోయింది. ఖాళీ కడుపుతో వద్దని, ముందు అన్నం తినమన్నాను. ఆమె తినేదాకా ఆశా కార్యకర్తా నేనూ అక్కడే కూర్చున్నాం.