‘మంచి డాక్టర్ని పట్టుకో’ అనే సలహా

స్కాన్ రిపోర్టు చివర్లో ‘ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును సంప్రదించండి’ అని రాసి ఉంటే, ఆ సాయంత్రానికల్లా ఇంట్లో సలహాలు మొదలవుతాయి. బావగారు ఒకటి చెబుతారు, పక్కింటివాళ్ళు ఇంకొకటి చెబుతారు, మందుల షాపు అబ్బాయి మూడోది చెబుతాడు. అందరూ ప్రేమతోనే చెబుతారు. కానీ ఆరోగ్యశ్రీ కార్డో ఆయుష్మాన్ కార్డో తప్ప మరో ఆధారం లేని కుటుంబాన్ని అప్పుల్లోకి దింపేవి చాలాసార్లు ఆ సలహాలే. అలా తరచూ వినబడే తప్పుడు సలహాలు కొన్ని చెబుతాను, వాటి బదులు ఏం చేయాలో కూడా.

“స్కానింగ్ డాక్టరు దగ్గర పనేముంది, సర్జన్ని చూపించండి” అనేది మొదటిది. స్కానింగ్ సెంటర్లో రిపోర్టు రాసే డాక్టరూ ఈ ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టూ ఒకే చదువు నుంచి వచ్చినవాళ్ళే గానీ, చేసే పని వేరు. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం రక్తనాళంలోకి పంపి, తెరమీద చూసుకుంటూ జబ్బున్న చోటికి వెళ్ళి ఈయన చికిత్స చేస్తారు. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, కాలు తీసేయాలని డాక్టర్లు చెప్పిన 82 ఏళ్ళ వృద్ధురాలికి మూసుకుపోయిన రక్తనాళాన్ని కోత లేకుండా గొట్టంతోనే తెరిచారు. ఆమె బతికినన్నాళ్ళూ ఆ కాలితోనే నడిచింది. కాలేయంలో గడ్డకు నేరుగా మందు పంపడం (టేస్), గర్భసంచి గడ్డలకు రక్తం అందకుండా చేయడం (ఎంబోలైజేషన్), పసరు నాళం మూసుకుపోయి కామెర్లు ముదిరితే బయటికి దారి పెట్టడం (పీటీబీడీ), దగ్గులో రక్తం ధారగా పడుతుంటే ఆపడం, ఇవన్నీ ఈ విభాగం పనులే. సర్జన్‌తో మాట్లాడవద్దని నేననను. ఇద్దరి మాటా వినండి. కానీ కోత లేదు కాబట్టి అది సగం వైద్యమే అని మాత్రం అనుకోకండి.

అన్నిటికన్నా ఎక్కువగా వినబడేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఈ మాట: “మంచి డాక్టర్ని పట్టుకో, కార్డు సంగతి ఆయనే చూసుకుంటాడు.” చూసుకోలేడు. కార్డు తీసుకునేది డాక్టరు కాదు, ఆసుపత్రి. అదీ అన్ని విభాగాలకూ తీసుకోదు. ప్రభుత్వం ఏ ఏ విభాగాలకు ఆ ఆసుపత్రిని నెట్‌వర్క్‌లో చేర్చిందో వాటికే తీసుకుంటుంది. ఈ డాక్టర్లు చాలామంది రెండు మూడు ఆసుపత్రుల్లో పనిచేస్తారు. పొద్దున సొంత క్లినిక్‌లో చూసిన ఆయనే మధ్యాహ్నం ఏదో నెట్‌వర్క్ ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లో ఉండవచ్చు. క్లినిక్‌లో ఆయన చేతిలో ఏమీ ఉండదు, అక్కడైతే మీ కార్డు నడుస్తుంది. కాబట్టి “మీరు కార్డు తీసుకుంటారా?” అని అడగకండి. “మీరు ఏ ఏ ఆసుపత్రుల్లో చేస్తారు, వాటిలో ఈ చికిత్స కార్డు మీద ఎక్కడ అవుతుంది?” అని అడగండి. వెతకాల్సింది మనిషిని కాదు, చికిత్స పేరునూ అది జరిగే చోటునూ.

ఆ చికిత్స పేరు చీటీ మీద స్పష్టంగా రాయించుకోండి. ఇంటర్వెన్షనల్ రేడియాలజీని కుదించి ‘ఐఆర్ ప్రొసీజర్’ అని రాస్తే కౌంటర్లో ఎవరికీ అర్థం కాదు. ఎంబోలైజేషనా, టేసా, పీటీబీడీయా, డయాలసిస్ ఫిస్టులా యాంజియోప్లాస్టీయా, ఏ అవయవానికి అన్నది ఉండాలి. ఎందుకంటే పథకాల జాబితాల్లో ఇవి ఎప్పుడూ ఒకేచోట ఉండవు. ఆయుష్మాన్ భారత్ జాబితాలో మెదడు రక్తనాళాల చికిత్సలకు ఇంటర్వెన్షనల్ న్యూరోరేడియాలజీ అని విడి విభాగమే ఉంది. మిగతావి జబ్బును బట్టి క్యాన్సర్ కిందో, గ్యాస్ట్రో కిందో, యూరాలజీ కిందో ఉంటాయి. రేడియాలజీ కింద వెతికి ‘లేదు’ అంటే నమ్మి వెనక్కి వచ్చేయకండి.

నెట్‌వర్క్ ఆసుపత్రిలోకి అడుగుపెట్టగానే కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్ర బల్ల ఎక్కడుందో చూసుకోండి. ఓపీ చీటీ రాయించుకోకముందే అక్కడికి వెళ్ళి మూడు ప్రశ్నలు వేయండి. ఈ చికిత్స మీ ఆసుపత్రిలో కార్డు మీద చేస్తున్నారా? ఏ విభాగం కింద పెడతారు? కాయిల్స్, స్టెంటు, మైక్రోక్యాథెటర్ లాంటివి ప్యాకేజీలోనే వస్తాయా? మూడో ప్రశ్న అసలు వదలకండి. ఈ వైద్యంలో గదికీ మందులకూ అయ్యే ఖర్చు తక్కువ, లోపల పెట్టే వస్తువులకే ఎక్కువ. ప్యాకేజీ ధర ముందే ఖరారై ఉంటుంది, ఎన్ని కాయిల్స్ పడతాయో మాత్రం రోగి ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాకే తెలుస్తుంది. ‘డాక్టరుగారు ఊళ్లో లేరు’ అనే జవాబు వెనక ఉండేది తరచూ ఈ లెక్కే. అలాంటప్పుడు అక్కడే కూర్చుని గొడవపడి రోజు పోగొట్టుకోకండి. పథకం హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి ఈ చికిత్స చేసే మరో ఆసుపత్రి పేరు అడగండి.

“ముందు అప్పు చేసి కట్టేయండి, తర్వాత తిరిగి తెచ్చుకుందాం” అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ సలహా విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. 2007లో మొదలైన నాటి నుంచీ ఆరోగ్యశ్రీ నగదు లేని పథకం. ఆసుపత్రి ముందుగా అనుమతి అడుగుతుంది, ప్రభుత్వం ఆసుపత్రికే చెల్లిస్తుంది. చేతినుంచి కట్టిన బిల్లును తీసుకెళ్ళి చూపిస్తే వెనక్కి ఇచ్చే బీమా కాదది. కట్టేశాక మిగిలేది ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవడం. అది ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో మన చేతిలో ఉండదు. వడ్డీ మాత్రం ఆ నెల నుంచే నడుస్తుంది. ఆసుపత్రివాళ్ళు అడ్వాన్సు అడిగితే ఎందుకో రాసి ఇమ్మనండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

“కార్డుందని ముందే చెబితే సరిగ్గా చూడరు, చివర్లో చెప్పు” అనేది ఇదే కోవలోది. అనుమతి చికిత్సకు ముందే రావాలి. ప్రాణాపాయ సమయంలో ఆసుపత్రి ఫోన్ మీద అనుమతి తెచ్చుకునే వీలుంది, కానీ అందుకూ కార్డు సంగతి వాళ్ళకు తెలియాలిగా. క్యాష్ పేషెంటుగా చేరి, డిశ్చార్జి నాడు కార్డు తీస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

హైదరాబాదు వెళ్తే తప్ప ఈ వైద్యం కాదన్న మాటా పూర్తిగా నిజం కాదు. పంజాగుట్ట నిమ్స్ లాంటి చోట అనుభవం ఉన్నమాట వాస్తవమే. కానీ ఫిస్టులా తెరవడం, కిడ్నీకి గొట్టం వేయడం లాంటివి జిల్లా కేంద్రాల్లోని పెద్ద ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు. పైగా ఆంధ్రప్రదేశ్ కార్డుతో హైదరాబాదులో అన్ని చికిత్సలూ కావు, కొన్నిటికే వీలుంది. బస్సెక్కే ముందే ఫోన్‌లో కనుక్కోండి. ఇంట్లో 70 దాటినవాళ్ళుంటే ఆదాయంతో పని లేకుండా వాళ్ళకు విడిగా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. 14555కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

“చూద్దాం, నాలుగు రోజులు ఆగండి” అన్న సలహా డయాలసిస్ రోగుల విషయంలో చాలా ప్రమాదం. మాకు తెలిసిన ఒకావిడకు డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపిన ఫిస్టులా మీద వేళ్ళు పెడితే ఎప్పుడూ గుర్రుమంటూ తెలిసే అదురు ఒక పొద్దున ఆగిపోయింది. మంగళవారం కదా, శుక్రవారం చూపిద్దామన్నారు ఇంట్లోవాళ్ళు. అప్పటికి లోపలి రక్తపు గడ్డ గట్టిపడిపోయింది, మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అదురు ఆగితే ఆ రోజే వెళ్ళాలి, ఆలస్యమైతే మర్నాడైనా వెళ్ళాలి.

వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. స్కాన్ సీడీ, ఫిల్ములూ పట్టుకెళ్ళండి, ఆ డాక్టరు బొమ్మల్ని స్వయంగా చూసుకోవాలి. క్రియాటినిన్, పీటీ ఐఎన్ఆర్ రిపోర్టులుంటే తీసుకెళ్ళండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. రేషన్ కార్డులో పేరూ ఆధార్‌లో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి, తేడా ఉంటే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరే పని ఆగిపోతుంది.

ఎవరు ఎంత తొందరపెట్టినా, అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు 104కు ఒక్క ఫోన్ చేయండి.