తమరు డ్యూటీ దిగేదెప్పుడు?

మహారాజశ్రీ సూర్యనారాయణమూర్తి గారికి,
విజయవాడ వాస్తవ్యురాలు నమస్కరించి రాయునది.

విషయం: జూన్ నెలలో పారిస్ నగరమందు తమరు విధుల నుంచి దిగే వేళ.

అయ్యా,

నేను తమరికి కొత్తదాన్ని కాను. ఏటా రథసప్తమికి జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసి, పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే మనిషిని. బాల్కనీలో ఈ పొగేమిటని పై ఫ్లాటు వాళ్లు పేచీ పెట్టుకున్నా మానలేదు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

వేసవిలో మా ఊరి మీద తమరి ప్రతాపం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, అత్తగారి మోకాళ్ల ఆపరేషను, ఆ తర్వాత కరోనా. వీటన్నిటి వెనకా వాయిదా పడుతూ వచ్చిన పారిస్ ప్రయాణాన్ని చివరికి జూన్‌లో పెట్టుకున్నామంటే, ఆ నగరం మీద మోజు సగం, తమరి నుంచి తప్పించుకుందామన్న ఆశ సగం. తీరా విమానం దిగేసరికి తమరు అక్కడే ఉన్నారు. పొద్దుటిపూట ఉండడం న్యాయమే. నా గొడవంతా సాయంత్రం గురించి.

గది మూడింటికి గానీ ఇవ్వమన్నారు హోటలు వాళ్లు. సామాను అక్కడ పడేసి లక్సెంబర్గ్ తోటకు వెళ్లాం. అక్కడ ఆకుపచ్చ ఇనుప కుర్చీలుంటాయి. ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు లాక్కుని కూర్చోవచ్చు, పైసా అడిగేవాళ్లు లేరు. మా ఆయన అలవాటు కొద్దీ రెండు కుర్చీలు చెట్టునీడకు లాగారు. చుట్టూ చూస్తే మిగతా జనమంతా నీడలోంచి ఎండలోకి లాక్కుంటున్నారు! తమరంటే అంత మొహంవాచి ఉన్నారు. అవును మరి, డిసెంబరు వస్తే తమరు అక్కడ సాయంత్రం అయిదన్నా కాకుండానే వెళ్లిపోతారు. రోజుకి ఎనిమిది గంటల పైచిలుకు కనబడితే అదే గొప్ప. బాకీలన్నీ జూన్‌లో తీరుస్తారు కాబోలు, పదహారు గంటల పగలిచ్చి.

మా ఆయనకు మొదటి రోజున ఒకటే కోరిక. చీకటి పడ్డాక ఈఫిల్ టవర్ చూడాలి. గంటకోసారి ఇరవై వేల బల్బులు అయిదు నిమిషాలపాటు మిలమిలలాడతాయిట. చాంప్ ద మార్స్ పచ్చిక మీద దుప్పటి పరుచుకుని, డబ్బాలో తెచ్చిన చింతపండు పులిహోర పక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఏడయింది. మా ఊళ్లో ఈపాటికి తమరు కొండల వెనక్కి దిగిపోయి ఉండేవారు. ఎనిమిదయింది. తమరు కదల్లేదు. తొమ్మిదింటికి కూడా పిల్లలు ఎండలో బంతాడుతూనే ఉన్నారు. మా ఆయన రైల్వేలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి, లేటంటే ఆయనకు పడదు. "ఏమోయ్, ఈయన ఇంకెంత లేటు?" అన్నారు, తమరేదో లూప్ లైన్లో పడేసిన గూడ్సు బండి అయినట్టు.

ఆయన చిరాకుకి కారణం వేరే. షుగరు బిళ్ల రాత్రి భోజనానికి ముందు వేసుకోమని డాక్టరు రాశాడు. రాత్రి ఎక్కడ? చేతిగడియారం ఇంకా మన టైములోనే ఉంది, అందులో చూస్తే అర్ధరాత్రి దాటింది. నా చిక్కు నాది. సంధ్యాదీపం పెట్టకుండా నేను ముద్ద ముట్టను.

అరసవల్లి గుడిలో మార్చిలోనూ అక్టోబరులోనూ తప్పకుండా వచ్చి స్వామివారి పాదాలు తాకి వెళ్లే తమరు ఇలా చేయడమేమిటని మా ఆయన ఫోన్లో విచారణ మొదలుపెట్టారు. తేలిందేమిటంటే, లండన్‌కి పైన ఉండవలసిన వేళలోనే తమరు పారిస్‌కీ ఉన్నారు. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మరి గడియారమో? 1911 దాకా వాళ్లది సొంత పారిస్ టైము. ఆ ఏడు గ్రీనిచ్ కాలానికి మారుతూ కూడా గ్రీనిచ్ పేరెత్తడం ఇష్టంలేక, చట్టంలో "పారిస్ కాలానికి తొమ్మిది నిమిషాల ఇరవయ్యొక్క సెకన్లు తక్కువ" అని రాసుకున్నారు. అంత పౌరుషమున్న ఊళ్లోకి 1940 జూన్‌లో జర్మన్ సైన్యం దిగి, గడియారాల్ని బెర్లిన్ వేళకు తిప్పించింది. సైన్యం పోయింది, వేళ మిగిలిపోయింది. పైగా చమురు ధరలు మండిపోయాక, కరెంటు ఆదా కోసమని 1976 నుంచి వేసవిలో ఇంకో గంట ముందుకు జరిపారు. అందుకే జూన్‌లో అక్కడ తమరు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండు కావస్తుంది. మన టైము గీత కాకినాడ దాపుల్లోంచి పోతుంది కాబట్టి మాకూ తమరికీ ఇలాంటి తగాదా ఎన్నడూ లేదు. సగం నేరం మనుషులదేనని తీర్పిచ్చి మా ఆయన బిళ్ల వేసుకున్నారు. ఏ దేశపు రాత్రి లెక్కనో అడగలేదు.

నేను మాత్రం అలా కూర్చునే ఉన్నాను. పెళ్లయిన దగ్గర్నుంచి నా సాయంత్రం ఎంతసేపండీ? తమరు దిగుతారు, నేను దీపం పెడతాను, పొయ్యి వెలిగిస్తాను, అయిపోతుంది. ఆ రోజు తమరు ఎంతకీ దిగలేదు. దీపం లేదు కాబట్టి పొయ్యీ లేదు. కాళ్లు చాపుకుని, ఎవరికీ ఏదీ వడ్డించకుండా, నాలుగు గంటల సాయంకాలం! ఊరికే కూర్చోవడం నాకు చేతనవుతుందని నాకే తెలియదు. నిజం చెప్పొద్దూ, ఈఫిల్ టవర్ కంటే అదే బాగుంది.

పది కావస్తుంటే తమరు వెళ్లారు. మా ఆయన అప్పటికే నా సంచీ తలకింద పెట్టుకుని గురక. పదకొండు కొట్టగానే టవర్ మిలమిలలాడితే తట్టి లేపాను. చేతిగడియారంలో మూడున్నర తీసేసి లెక్క చూసి, "రైట్ టైమ్" అని మళ్లీ పడుకున్నారు.

తమరిని కోరుకునేది ఒక్కటే. మా ఊళ్లో కూడా రాత్రి పదింటిదాకా ఉండమని అడగను. ఆ ఎండ అంతసేపు భరించే ఓపిక మాకు లేదు. తమరు దిగాల్సిన వేళకే దిగండి. దీపం కూడా నేనే పెడతాను. దీపం పెట్టాక పొయ్యి డ్యూటీ మాత్రం వారానికి మూడు రోజులు మా ఆయన ఎక్కేటట్టు ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. మనిషి టైముకి కచ్చితం, ఆ విషయంలో బెంగ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విజయవాడ గృహిణి

నకలు: మా ఆయనకు, తగు చర్య నిమిత్తం.