స్వేచ్ఛ వచ్చింది, వ్యాగన్ రాలేదు

పశ్చిమ కెనడా రైతు ఎగుమతి గోధుమను 2012 దాకా వీట్ బోర్డుకే అమ్మాల్సి ఉండేది. కాదని సరిహద్దు దాటించి, జరిమానా కట్టబోమన్న రైతులు 2002లో జైలుకెళ్లారు. బోర్డు గుత్తాధిపత్యం కావాలా అని 2011లో బోర్డే అడిగితే, ఓటేసిన గోధుమ రైతుల్లో 62 శాతం కావాలన్నారు. రైతుకు ఎంపిక ఉండాలన్న అప్పటి ప్రధాని హార్పర్ సర్కారు ఆ ఎంపికను మాత్రం చెత్తబుట్టలో వేసి, 2012 ఆగస్టులో గుత్తాధిపత్యం ఎత్తేసింది. 2013లో రికార్డు పంట! దేవుడు వరమిచ్చినా రైల్వే పూజారి కరుణించలేదు. వ్యాగన్లు చాలక చలికాలమంతా ధాన్యం గాదెల్లోనే. 2015లో బోర్డులో సగానికి పైగా వాటా బంగీ కంపెనీ, సౌదీ సర్కారు సంస్థల జోడీకి దక్కింది. ధాన్యం వ్యాపారం ప్రభుత్వాల పని కాదన్నారుగా? అది కెనడా ప్రభుత్వం సంగతి లెండి.