అథారిటీ గారికి, గట్టిమేళం విషయమై

మహారాజశ్రీ అథారిటీ గారి సముఖమునకు,

ఒంగోలు వాస్తవ్యురాలు, లా మూడో సంవత్సరం విద్యార్థిని, ప్రస్తుతం వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి డాబా మీద మకాం వేసిన అర్జీదారు వ్రాసుకొను విన్నపం.

పేరు పెట్టి రాద్దామంటే తమరెవరో తెలియదు. శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 తిరగేస్తే అంతటా 'అథారిటీ' అనే ఉంది. నిర్వచనంలో వెతికితే జిల్లా మేజిస్ట్రేటు కావచ్చు, పోలీసు కమిషనరు కావచ్చు, డీఎస్పీ హోదాకు తగ్గకుండా నియమించిన అధికారి కావచ్చునట. మా ఊళ్ళో కమిషనరు లేరు కాబట్టి ఒకరు తగ్గారు. మిగిలినవారిలో తమరెవరో తేల్చుకుందామని ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ "అది మా సీటు కాదమ్మా" అన్నారు. అందుకని బహిరంగంగా రాస్తున్నాను. ఎవరి సీటైతే వారు అందుకోగలరు.

కోర్టులకు వేసవి సెలవులు. నేను ఫైళ్ళు మోయాల్సిన సీనియరుగారు పిల్లల్ని తీసుకుని ఊటీ వెళ్ళారు. చట్టానికి సెలవిచ్చినా చప్పుడుకి ఎవరూ సెలవివ్వలేదు గనుక పర్యావరణ చట్టం పుస్తకం పట్టుకుని డాబా ఎక్కాను. దోమతెర కట్టుకుని ఆరుబయట పడుకుంటే ఊరంతా చెవి పక్కనే ఉంటుంది. తెల్లవారుజామున గుడి మైకులో ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం. నిబంధన ప్రకారం ఉదయం ఆరు కొట్టేదాకా మైకు మోగకూడదు. మా గుళ్ళో ఐదింటికే మొదలు. ఆరింటిదాకా నిద్రపోయే దేవుడికి ఎవరు మొక్కుతారని పూజారిగారి వాదన. అందులో చట్టబలం లేదు గానీ తర్కబలం ఉంది. ఆ తర్వాత చెత్తబండి పాట, దాంతో పాటే వీధిలో ఆడవాళ్ళంతా బకెట్లతో పరుగు. ఎండెక్కాక పాత ఇనప సామాన్ల బండి. ఎవరో ఎప్పుడో రికార్డు చేసిన గొంతు బీరువాలు, కూలర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు వరసగా అడుక్కుంటూ పోతుంది. అమ్మమ్మ గడియారం వంక చూడదు. "ఇనప సామాన్లోడు పోయాడు, పప్పు దించు" అంటుంది.

ఘంటసాల భగవద్గీత సంగతి వేరు. ఆయన 1974లో పోయారు. బతికున్నవాళ్ళు వింటారనే పాడి ఉంటారు. మా వైపు ఇప్పుడది వైకుంఠరథం మైకులో వినపడే పాట. వీధి మలుపులో ఆ గొంతు వినపడగానే గేట్ల దగ్గరికి జనం వచ్చి "ఎవరంట?" అని అడుగుతారు. మొన్నొక సాయంత్రం పుణ్యం వస్తుందని ఫోన్లో పెట్టుకుంటే అమ్మమ్మ కింద నుంచి కేకేసింది: "ఆపవే తల్లీ, మనింట్లో ఎవరో పోయారనుకుంటారు!" ఆ మైకు ఎంత గట్టిగా మోగినా 112కి ఫోను చేసేవాళ్ళు లేరు. ఏ చప్పుడు ఓర్చుకోవాలో, ఏది అక్కర్లేదో ఊరికి ఒక లెక్క ఉంది. తమరి దగ్గరున్నది డెసిబెల్ లెక్క.

ఆ లెక్క ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 మించకూడదు. ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ ఒకటి దించుకున్నాను. దాన్ని ఏ కోర్టూ సాక్ష్యంగా తీసుకోదని తెలుసు, అయినా సరదా. పిట్టగోడకి అటొకరు ఇటొకరు నిలబడి అమ్మమ్మా, పక్కింటి పిన్నిగారూ ఈ ఏడు ఆవకాయకి ఏ కారం మంచిదని మాట్లాడుకుంటుంటే 60 దాటింది. రాత్రి మా కూలరొక్కటే 45ని మింగేసింది. పగటిపూట పరిమితికి మించి 10 డెసిబెళ్ళు పెరిగితేనే ఫిర్యాదు చెయ్యమని 7వ నిబంధన దయతలచింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆవకాయ రోజులన్నీ అమ్మమ్మ తమరి ఎదుట హాజరు కావాల్సి వచ్చేది.

ఇక అసలు విషయం. మా మేనమామ కూతురి పెళ్ళి. ముహూర్తం రాత్రి 2 గంటల 16 నిమిషాలకు. ఇంటి ముందే తాటాకు పందిరి. మేళం చిలకలూరిపేట నుంచి.

సాయంత్రం పెళ్ళికొడుకు ఊరేగింపుకి డీజే పెట్టారు. లారీ మీద నిలువెత్తు బాక్సులు, వెనక జనరేటరు. బాక్సు దడదడమన్నప్పుడల్లా మా అటక మీద ఇత్తడి బిందె దానంతటదే మోగింది. కాపీరైటు చట్టం పెళ్ళివారికి మేనమామ లాంటిది, అడక్కుండానే అన్నీ ఇచ్చేసింది. పెళ్ళి ఊరేగింపులో ఏ పాట వాయించినా ఉల్లంఘన కాదని 52వ సెక్షనులోనే వివరణ రాసిపెట్టారు. కానీ శబ్ద నిబంధనలకి ఆ చుట్టరికం లేదు. పది దాటాక ఆపాలి. పదకొండున్నర దాకా ఆపలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు, ట్రాఫిక్ చూశారు, కూల్‌డ్రింకు తాగారు, వెళ్ళారు. ఆ మోతలో వాళ్ళు ఆపమని అరిచినా ఎవరికీ వినపడేది కాదు లెండి.

ఒంటిగంటకి పందిట్లో సన్నాయి మొదలైంది. రెండు కాకముందే అదే కానిస్టేబుళ్ళలో ఒకాయన మళ్ళీ దిగాడు. కొత్త అపార్టుమెంటు నుంచి ఫోను వచ్చిందట. పెద్దమనిషే. పెళ్ళి ఆపుతానని అనలేదు. మేళం వాళ్ళ దగ్గరికి వచ్చి, "ముహూర్తం కానీండి. గట్టిమేళం మాత్రం కాస్త మెల్లగా కొట్టుకోండయ్యా" అన్నాడు.

జీలకర్ర బెల్లం పట్టుకుని ఇద్దరూ తలలు వంచారు. పురోహితులు చూపుడువేలు ఆడిస్తూ "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. డోలు ఆయన ఒకసారి పురోహితుల వైపు, ఒకసారి కానిస్టేబుల్ వైపు చూశాడు. కర్ర ఒళ్ళో పెట్టుకుని, తొడుగులు తీసేసిన ఉత్తి వేళ్ళతో డోలుని తట్టాడు. సన్నాయి ఆయన సగం ఊపిరే ఊదాడు. సరిగ్గా ఆ క్షణాన మా పెద్దమ్మ తుమ్మింది. కూలరు గాలి ఆవిడకి పడదు. ఆ తుమ్ము పందిట్లో అందరికీ వినపడింది. వియ్యపురాలికి అందరికన్నా ముందు వినపడింది.

అథారిటీ గారూ, గట్టిమేళం పెట్టింది ఎందుకంటారు? శుభఘడియలో తుమ్ము, ఏడుపు, అపశకునపు మాట ఏదీ వధూవరుల చెవిన పడకూడదని. అంటే అది చప్పుడును చప్పుడుతో అణిచే ఏర్పాటు. తమరి నిబంధనల కన్నా చాలా ముందునుంచీ మన పందిళ్ళలో శబ్ద నియంత్రణాధికారి డోలే. ఆయన్ని తమరు సస్పెండు చేశారు.

చట్టం ప్రకారం కానిస్టేబుల్ చెప్పింది తప్పు కాదు. 2000లో నిబంధనలు వచ్చినప్పుడు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిషేధం లౌడ్‌స్పీకర్లకే ఉండేది. 2010 సవరణలో సంగీత వాద్యాలను కూడా అందులో కలిపారు. ఆడిటోరియం, బాంక్వెట్ హాలు లాంటి మూసిన చోట్లకి మినహాయింపు ఉంది. ఏసీ హాలు కట్టుకోగలిగినవాళ్ళ ముహూర్తం చట్టబద్ధం, తాటాకు పందిరి వాళ్ళది నేరం. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా సడలింపు ఇవ్వొచ్చు, అదీ రాత్రి 12 దాకానే. మా పంచాంగం 12 దగ్గర ఆగదు. 2023 జన విశ్వాస్ చట్టం పర్యావరణ చట్టంలో జైలు తీసేసి జరిమానా పెట్టింది, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా. కనీసం 10 వేలు. ఆ రాత్రంతా వాయిస్తే డోలు ఆయన ఇంటికి పట్టుకెళ్ళేది అంతకన్నా తక్కువే.

ఫోను చేసిన అపార్టుమెంటు వాళ్ళ మీద నాకు కోపం లేదు. పదకొండున్నర దాకా డీజే మోత మోశాక ఎవరి ఓపికైనా చస్తుంది. తీరా కోపం ఫోనుదాకా వచ్చేసరికి డీజే లారీ ఊరు దాటింది, మేళం దొరికింది. దొరికినవాడికే శిక్ష అన్నది మా సిలబస్‌లో ఎక్కడా లేదు గానీ బయట బాగా అమల్లో ఉంది.

ఇక్కడ మా ఊరి వాళ్ళకి కాస్త గట్టిగా మాట్లాడే హక్కు ఉంది. ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో 1924లో షేక్ చినమౌలానా గారు పుట్టారు. నాదస్వరంతో శ్రీరంగంలో స్థిరపడి, మద్రాసు మ్యూజిక్ అకాడమీ నుంచి 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఈ గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో రాముడి గుడి ముందు ముస్లిం విద్వాంసులు నాదస్వరం వాయించడం ఎవరికీ వార్త కాదు. ఆ వాద్యం పుట్టిందే ఆరుబయట ఊరేగింపు వెంట నడవడానికి, మైకు లేకుండా మాడవీధులన్నిటికీ వినపడటానికి. దాన్ని నాలుగు గోడల మధ్య వాయించమంటే వినేవాళ్ళకే శిక్ష.

ప్రభుత్వానికి సంగీతం పట్టదని నేననను. 2021లో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ గారు వాహనాల హారన్లలో వేణువు, తబలా, వయొలిన్ వినపడేలా చట్టం తెస్తే బాగుంటుందన్నారు. కానీ మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 119వది ఒకదాని వెంట ఒకటి వేర్వేరు స్వరాలు పలికే హారను ఉండకూడదంటోంది. అంటే ప్రస్తుతానికి బస్సు 'స' అనొచ్చు, 'సరిగ' అంటే కేసు. మంత్రిగారి ఆలోచన, ఈ నిబంధన ఒకే రోడ్డు మీద ఎదురుపడితే ఏమవుతుందో చూడాలని నాకు నిజంగానే కుతూహలంగా ఉంది.

కాబట్టి నా ప్రార్థన. మైకు లేని మేళానికి ముహూర్తం వేళ ఒక నిమిషం, పోనీ రెండు నిమిషాలు, రాత్రి ఎన్ని గంటలైనా సరే మినహాయింపు ఇప్పించాలి. డీజేకి పది తర్వాత ఒక్క సెకను కూడా ఇవ్వొద్దు. హైదరాబాదులో 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని పోలీసులు ఉత్తర్వు ఇచ్చారు, అంటే తలచుకుంటే అయ్యే పనే. రెండూ చప్పుళ్ళే కదా అని తమరు అడగొచ్చు. సన్నాయి ఊదేవాడికి ఊపిరి అయిపోతుంది, డోలు కొట్టేవాడికి చెయ్యి నొప్పెడుతుంది. జనరేటరుకి డీజిలు పోస్తూ ఉంటే చాలు. ఈ తేడా తమరి మీటరులో కనపడదు, నిబంధనలోనే రాయించాలి.

ఈ అర్జీ అందినట్టు రసీదు ఇప్పించగలరు. తుమ్ముకి శాంతి చేయించాలని పురోహితులు సెలవిచ్చారు. చేయించాం. ఖర్చు పెళ్ళికూతురి వారిదా, పెళ్ళికొడుకు వారిదా అన్నది రెండిళ్ళ మధ్య ఇంకా నలుగుతోంది. నేను చదువుకున్నంతవరకు అది తమరిది. బిల్లు జతపరచడమైనది.

ఇట్లు,
అర్జీదారు