తోక తెచ్చినా సొమ్మే

విజయనగరం మీద మాట్లాడమని మన వక్తలకు మైకిస్తే రెండో వాక్యానికే గుర్రం దూకుతుంది. కృష్ణదేవరాయలు ఏడాదికి 13,000 అరబ్బీ గుర్రాలు సముద్రం దాటించి తెప్పించాడట, అంతటి వైభవం ఇంకెవరికీ లేదట. ఈ అంకె రాసిపెట్టినవాడు ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసువాడు. 1535 తర్వాత కొన్నేళ్లు విజయనగరంలో ఉన్నాడు. వృత్తి గుర్రాల వ్యాపారం. సరుకు అమ్ముకునేవాడు కొనేవాణ్ణి పొగడక ఏం చేస్తాడు? అయినా పాపం, ఆయన సముద్రం దాటొచ్చిన హోర్ముజ్ గుర్రాలనూ నాటు గుర్రాలనూ కలిపే ఆ లెక్క చెప్పాడు. నాటువాటిని దారిలో వదిలేసింది మనవాళ్లే. వాటికి చప్పట్లు పడవు మరి.

అదే నూనిజ్ రాసిన ఇంకో ముక్క ఏ సభలోనూ వినబడదు. కృష్ణదేవరాయల కంటే ముందు ఏలిన సాళువ నరసింహరాయలు వెయ్యి వరహాలకు మూడు చొప్పున, బతికున్నా చచ్చినా గుర్రాలు కొనేవాడట. నడిసముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా సొమ్ము ముట్టేది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఇక్కడ గుర్రం చచ్చినా ధర తప్పలేదు. రాజుగారి ఇబ్బందీ ఉంది. గుర్రపు దళం లేనిదే బహమనీల ముందు నిలవలేడు, నష్టభయం ఉంటే వర్తకుడు ఓడ ఇటు తిప్పడు. ఒప్పుకుంటాను. కానీ ఆ తోకలు లెక్కపెట్టే గుమాస్తాను ఒక్కసారి ఊహించుకోండి. ముందర తోకల కట్ట. ఇవన్నీ ఈ ఓడవేనా, కిందటేడు చూపించినవి మళ్లీ వచ్చాయా? ఎవరిని అడుగుతాడు? హంపీలో హజారరామ గుడి ప్రహరీ మీద గుర్రాలు నడిపించుకొస్తున్న పరదేశులను ముచ్చటగా చెక్కారు. తోకలు మోసుకొచ్చినవాళ్ల మీద మాత్రం శిల్పి ఉలి వృథా చేసుకోలేదు.

ఒడ్డు చేరినవాటి గతి ఏమిటంటారా? అంతకు రెండు వందల ఏళ్ల ముందే, పాండ్యదేశపు గుర్రాల గురించి మార్కో పోలో చెప్పాడు. అన్నమూ మాంసమూ ఉడకబెట్టి మేపేవారట, రోగమొస్తే చూసే దిక్కు లేదట, ఏడాది తిరిగేసరికి చాలామటుకు చచ్చేవట. గుర్రపు వైద్యులను ఇటు రాకుండా ఆపింది వర్తకులేనట. తెలివైన పనే. గుర్రం బతికి బట్టకడితే మరుసటేడు బేరం ఏం కాను? గుర్రపు వైద్యానికి శాలిహోత్రుడి పేరు చెప్పుకునే దేశంలో ఆ వైద్యుడి కోసం పరదేశం వైపు చూడటం వేరే ముచ్చట.

కొన్నిసార్లు తోక కూడా రాలేదు. గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మని కృష్ణదేవరాయలు ఒక మనిషికి 40,000 వరహాలిచ్చి పంపితే, అతగాడు ఆ సొమ్ముతో బీజాపూరు ఆదిల్‌షా పంచన చేరాడు. 1520 రాయచూరు యుద్ధానికి అదే సాకు అంటాడు నూనిజ్. గుర్రాలకని తీసిన పైకంతో కోట దక్కింది కాబట్టి, పద్దు ఎలా రాసుకున్నారో కరణాలకే తెలియాలి.

అసలు చమత్కారం చెల్లింపుల్లో ఉంది. ఏటా కొన్న ఆ 13,000లో మేలిరకం రాయలవారి లాయానికి పోయేది. నాటువాటిని వెయ్యి వరహాలకు అయిదు చొప్పున నాయకులకు అంటగట్టేవారు, సెప్టెంబరు లోపల సొమ్ము కట్టి తీరాలి. ఆ సొమ్ముతోనే పోర్చుగీసువారి దగ్గర అరబ్బీ గుర్రాలు కొనేవారు. ఖజానాలో చిల్లిగవ్వ కదలదు. మరి నాయకుడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? రైతులు పదింట తొమ్మిది పాళ్లు దొరలకే కడతారని రాసిందీ ఈ నూనిజే. అందులో సగం కోతలనుకున్నా మిగిలింది తక్కువేం కాదు. ఇంత కట్టిన రైతుకు చచ్చిన గుర్రపు తోకైనా ఎవరూ చూపించలేదు.