వంకర బిళ్ళకు టీకా తాత్పర్యం

మూలం: అచ్చున పుట్టినది దోషము, వీధిన తగిలినది దెబ్బ, దోషమునకు వెల, దెబ్బకు కల.

అవతారిక: మదనపల్లె టమోటా మార్కెట్లోనో, పుంగనూరు సంతలోనో, మూడు రాష్ట్రాల చిల్లర కలిసే కుప్పంలోనో వంకర బిళ్ళ ఒకటి చేతికి రాగానే "ఇది లక్షలు పలుకుతుంది" అనే మాట పుడుతుంది. ఆ మాటకు విరుగుడుగా సూత్రకారుడు పై వాక్యం పలికినాడు.

ప్రతిపదార్థం: అచ్చున = పై అచ్చు, కింది అచ్చు, చుట్టూ పట్టే కాలరు, వీటి నడుమ లోహం నలిగే క్షణమందు; పుట్టినది = ఆ క్షణానికి ముందో, అప్పుడో ఏర్పడినది; వీధిన = ప్రెస్సు దాటిన పిమ్మట ఎక్కడైనను (హైదరాబాదు టంకశాలలోని లెక్కింపు యంత్రము సైతము వీధియే అని గ్రహించవలెను); తగిలినది = సుత్తి, ఆకురాయి, ఆమ్లము, లారీ చక్రము మొదలగు వాటివలన కలిగినది; వెల = సేకరించేవాడు ఇచ్చునది; కల = అమ్మేవాడు కనునది.

టీక: పుంగనూరు ఆవు పొట్టిదనం జాతి లక్షణం, మేత చాలక వచ్చినది కాదు. నాణెంలోనూ వెతకవలసింది ఈ తేడానే. అచ్చు బీటలు వారితే లోహం ఆ సందులోకి ఎక్కుతుంది గనుక నాణెం మీద గీత ఉబ్బుగా లేస్తుంది. మేకుతో గీస్తే గుంట పడి, దాని గట్టున లోహం చిందరవందరగా పేరుకుంటుంది. అంచు తునక తెగిన బిళ్ళలో తెగిన చోటికి సరిగ్గా ఎదుటి అంచు కూడా సాధారణంగా పలచబడుతుంది. అంచు కట్టే యంత్రంలో ఒకవైపు ఆనుడు లేకపోతే రెండోవైపు గట్టు లేవదు. ఆకురాయితో కోసినవాడు ఎదుటి అంచు సంగతి ఎరగడు, దొరికేది అక్కడే. 27 మిల్లీమీటర్ల పది రూపాయల బిళ్ళలో నడిమి ముక్క పక్కకు జరిగి ఉంటే, ముద్ర ఆ అతుకు మీదుగా తెగకుండా సాగిందా అని చూడాలి. సాగితే జన్మదోషం, బొమ్మ కూడా ముక్కతోపాటు జరిగితే ఎవరో ఊడదీసి మళ్ళీ దిగగొట్టినట్టు. తూకం 7.71 గ్రాముల కంటే తగ్గిందన్నంత మాత్రాన ఏదీ తేలదు, తెగిన బిళ్ళా తగ్గుతుంది, అరగదీసిన బిళ్ళా తగ్గుతుంది.

ఆక్షేపం: గుంట పడినదల్లా దెబ్బేనా? అచ్చుకూ బిళ్ళకూ మధ్య నూలుపోగో, గ్రీజో ఇరుక్కుంటే టంకశాలలోనే గుంట పడదా? పడుతుంది, ఇది బలమైన ప్రశ్నే. అయితే ఆ గుంట చుట్టూ లోహం చిందదు, అక్షరం మసకబారుతుందే గాని నలగదు. రెండో ఆక్షేపం బలహీనం: సంవత్సరం కింద టంకశాల గుర్తు లేదు, కనుక ఇది అరుదైనదట. హైదరాబాదు నాణేనికి నక్షత్రం ఉంటుంది, కలకత్తా నాణేనికి మామూలుగా ఏ గుర్తూ ఉండదు. లేనిదాన్ని పోయిందనడం తర్కం కాదు.

తాత్పర్యం: రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో పద్నాలుగు నమూనాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని చెప్పవలసి వచ్చింది, మంచి బిళ్ళను అనుమానించే చేయే గీకిన బిళ్ళను నెత్తిన పెట్టుకుంటున్నది. 2011 నాణేల చట్టం ప్రకారం చెక్కి చెరిపిన నాణెం చెల్లుబాటు కాదు. అంటే ఆకురాయి తగిలిన బిళ్ళకు లక్ష మాట అటుంచి, పది రూపాయలు కూడా రావు.