చెప్పి పోయేవి

మా రోజుల్లో వస్తువు పాడయ్యేముందు చెప్పి పాడయ్యేది. ఈ మాటంటే మా మనవడు నవ్వుతాడు. నవ్వనీ. ముప్పై ఏళ్ల పైచిలుకు సౌత్ ఈస్టర్న్ రైల్వేలో సిగ్నల్ పని చేసినవాణ్ణి, కొన్నాళ్లు సాంత్రాగాఛిలో, కొన్నాళ్లు ఖరగ్‌పూర్‌లో. రిలే గదిలోకి అడుగుపెడితే గోడ పొడుగునా వరసలు వరసలుగా రిలేలు. ఒకటి ఎత్తుకుంటే ఒక టక్కు, వదిలేస్తే ఇంకో టక్కు. నైట్ డ్యూటీలో కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నా ఎక్కడ తేడా పడిందో చెవికి తెలిసిపోయేది. లోపల మసి పట్టిన రిలే పలకడంలో ఒక బద్ధకం ఉంటుంది. లేచి వెళ్లి చూసేవాళ్లం. 2017లో ఖరగ్‌పూర్‌లో ఆ రిలేల బదులు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు, 800 రూట్లు, ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదన్నారు. అప్పటికి నేను రిటైరైపోయాను. చూసొచ్చిన మావాడు ఒకడు, "గది చల్లగా, చప్పుడు లేకుండా ఉంది గురూ" అన్నాడు మురిసిపోతూ. నాకు మాత్రం గుడిలో గంట విప్పేసినట్టనిపించింది.

ఇదంతా ఎందుకంటే, నిరుడు రథయాత్ర అయిన వారానికి మా ల్యాప్‌టాప్ కూడా టిక్కు టిక్కుమంది. 2013లో రిటైర్మెంటు డబ్బుతో కొన్నది. తెర మీద చక్రం తిరుగుతోంది గానీ బొమ్మ రాదు. అరచేతి కింద ఎడమ పక్కన టిక్, టిక్, ఆగి, మళ్లీ టిక్. మనవడు ఫోన్లోంచి తలెత్తకుండానే, "పారెయ్ తాతయ్యా, కొత్తది ఆర్డర్ పెడతా, రేపటికల్లా వస్తుంది" అన్నాడు.

అదే మీతో వచ్చిన చిక్కు, నాయనా. మీకు పారెయ్యడం, తెప్పించడం, ఈ రెండే తెలుసు. మధ్యలో బాగుచెయ్యడం అని ఒకటుందని ఎవరూ చెప్పలేదు. మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి హౌరాకి వచ్చి శిబ్‌పూర్‌లో జూట్ మిల్లులో నేతపని చేశాడు. ఆ షెడ్డులో మగ్గాల మోతకి పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని మగ్గం మీద చెయ్యి వేసి చూసేవాడు. అదురులో తేడా ఉంటే దారం తెగకముందే మిస్త్రీని పిలిచేవాడు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ ఇంటి తలుపు గడియ మీద కూడా అలాగే చెయ్యి వేసేవాడు, అలవాటు కొద్దీ.

ఆ టిక్కు ఏమిటో మీకు తెలియదు గనక చెబుతాను, వినండి. హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద చదివే ముల్లు, దాన్నే హెడ్ అంటారు, పళ్లేన్ని తాకకుండా వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతుంటుంది. తానెక్కడుందో తెలుసుకోవడానికి పళ్లెం మీద గుర్తులుంటాయి. ఆ గుర్తులు దొరక్కపోతే వెనక్కి పోయి మొదటినుంచి మళ్లీ వెతుక్కుంటుంది. ఆ వెనక్కి పోవడమే టిక్కు. అంటే అది ఇంకా ప్రయత్నిస్తోందన్న మాట. అప్పుడు మనం చెయ్యాల్సింది ఒక్కటే, వెంటనే ఆపెయ్యడం. పదిసార్లు ఆన్ చేసి చూస్తే దెబ్బతిన్న హెడ్ పళ్లేన్ని గీకి, ఉన్నది కూడా ఊడ్చేస్తుంది. మా వీధిలో ఒకాయన ఫ్రిజ్‌లో పెట్టి తియ్యమన్నాడు. ఎంత తప్పు సలహా! హౌరా వానాకాలపు గాలిలో చల్లటి ఇనుము బయటికి తీస్తే నీళ్లు కారవూ?

ఇలా తిరిగేవాటి వంశం పాతదే. ఈ గంగ ఒడ్డునే బరానగర్‌లో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1950ల మధ్యలో దేశంలోకెల్లా మొదటి డిజిటల్ కంప్యూటర్ దిగింది. దాని జ్ఞాపకమంతా గిర్రున తిరిగే ఒక డ్రమ్ము. 1956లో అమెరికాలో ఐబీఎం వాళ్లు చేసిన మొట్టమొదటి హార్డ్ డిస్క్‌లో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50, బరువు టన్ను దాటి, పట్టేది 5 మెగాబైట్ల లోపే. మీ ఫోన్లో ఒక్క ఫొటో. అయినా ఆ తిరిగే వంశం అక్కడినుంచి మా ల్యాప్‌టాప్ దాకా అరవై ఏళ్లు నడిచింది.

సరే, కొత్త డిస్క్ కోసం కలకత్తా చాందినీ చౌక్ పోదామన్నాను. మనవడు మెట్రో అన్నాడు. 2024లో వచ్చిందిగా, గంగ కింద నుంచి పోతుంది. అర కిలోమీటరు నది 45 సెకన్లలో దాటిపోతుందట. నాకక్కర్లేదు. మా రోజుల్లో హౌరా ఘాట్‌లో లాంచీ ఎక్కి, బ్రిడ్జి నీడలోంచి బయటపడి, ఫెయిర్లీలో దిగి, డల్హౌసీ మీదుగా నడుచుకుంటూ పోయేవాళ్లం. పెద్ద గడియారం కింద కలుసుకుందాం అని ముందురోజు చెప్పుకుంటే చాలు, మర్నాడు అందరూ అక్కడుండేవాళ్లు. ఆ గడియారం 1926 నుంచి హౌరా స్టేషన్లో రెండు మొహాలతో వేలాడుతోంది. ఇప్పుడు స్టేషన్లో నిలబడి "ఎక్కడున్నావ్, ఎక్కడున్నావ్" అని ఫోన్లో అరుచుకుంటారు. లాంచీలోనే వెళ్లాం. దారిలో వాన పట్టుకుని ఇద్దరం తడిసి ముద్దయ్యాం. తిరుగు ప్రయాణం మెట్రోలోనే చేశాం, ఒళ్లో కొత్త డిస్క్ ఉంది గనక. చల్లగా, బాగానే ఉంది. ఆ మాట అప్పుడే ఒప్పుకున్నాను.

చాందినీలో కుర్రాడు మా పాత డిస్క్ చూసి, "ఏటా ఫేలే దిన్, దాదూ" అన్నాడు. వీడూ పారెయ్యమనేవాడే! పళ్లేలవి ఇప్పుడు ఎవరూ అడగరట. ఎస్‌ఎస్‌డీ ఇచ్చాడు, 256 జీబీ, 1,800 రూపాయలు. చేతిలో పెడితే ఖాళీ అగ్గిపెట్టెలా బరువే లేదు. తిరిగేది లేదు, మోగేది లేదు, లోపలన్నీ చిప్పులే. మరి పోతే ఎలా తెలుస్తుందని అడిగాను. "తెలీదు దాదూ, ఒకరోజు కనపడదు, అంతే" అన్నాడు తాపీగా. ఎంత అన్యాయమైన మాట! చాలాసార్లు నిన్నటిదాకా నిక్షేపంగా ఉండి ఈరోజు ఉన్నట్టే చూపించదట. అందులో చెరిపేసింది కూడా చాలామటుకు తిరిగి రాదు, ఖాళీ అయిన చోటు అదే శుభ్రం చేసేసుకుంటుంది.

ఇంటికొచ్చి బల్ల మీద పాత చీర ముక్క పరిచి కూర్చున్నాను. మా ల్యాప్‌టాప్ నా కాలపుది గనక బ్యాటరీ గొళ్లెం జరిపితే ఊడొస్తుంది. ఇప్పటివాటిలో బ్యాటరీ పొట్టలో దాస్తున్నారు, కొన్నింటిలో డిస్క్ చిప్పుల్ని బోర్డుకే అతికించేస్తున్నారు, అది పోతే మొత్తం పోయినట్టే. స్టార్ స్క్రూడ్రైవర్‌తో అడుగు మూతకి రెండు స్క్రూలు, డిస్క్‌ని పట్టుకున్న రేకు చట్రానికి నాలుగు. ఏది ఎక్కడిదో తెలియడానికి సందేశ్ మిఠాయి డబ్బా అట్ట మీద బొమ్మ గీసి, ఆ చోటే గుచ్చి పెట్టాను. డిస్క్‌ని పైకి లాగకూడదు, పక్కకి జరిపితే సాకెట్‌లోంచి వస్తుంది. పాతది 9.5 మిల్లీమీటర్ల మందం, కొత్తది 7. ఆ సందు వదిలేస్తే కదులుతూ ఉంటుంది. అట్టముక్క కత్తిరించి పెట్టాను. మనవడు అప్పటికి ఫోన్ పక్కన పడేసి టార్చి పట్టుకుని నిలబడ్డాడు. చివరి స్క్రూ నా చెయ్యి వణికి పట్టలేదు, వాడే బిగించాడు. చక్కగా, ఎక్కువ బిగించకుండా.

ఈ పాత ల్యాప్‌టాప్‌కి కొత్త విండోస్ ఎక్కదని వాడే పెన్ డ్రైవ్‌లోంచి లినక్స్ మింట్ వేశాడు, డబ్బు కట్టక్కర్లేనిది. బటన్ నొక్కితే చాలు, నిమిషంలోపే తెర వచ్చేసింది. ఇదివరకు బటన్ నొక్కి, స్టవ్ మీద టీ పెట్టి, గ్లాసు పట్టుకుని వచ్చేసరికి లేచేది. ఇప్పుడు టీ ఎప్పుడు పెట్టుకోవాలి?

అసలు పని అప్పుడు మొదలైంది. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేబుల్‌కి తగిలించి, కదలకుండా పెట్టి, ముందు ముఖ్యమైన ఒక్క ఫోల్డర్ తీద్దామన్నాను. మూడుసార్లు మొరాయించింది. నాలుగోసారి తిరిగింది. రెండు గంటలు అలా టిక్కుమంటూ, ఆగుతూ, మళ్లీ లేస్తూ ఇచ్చింది. పూరీ సముద్రం ఫొటోలు కొన్ని సగం నుంచి కిందికి బూడిదరంగు, మొహాలున్నాయి, కాళ్లు లేవు. ఆ తర్వాత ఆగిపోయింది, ఇక తిరగలేదు.

మరి ఇన్నేళ్లు రెండో కాపీ ఎందుకు పెట్టుకోలేదని మీరడగొచ్చు. అది నా తప్పే. చెప్పి పోతుందిలే అన్న ధీమా.

ఆ ఫోల్డర్‌లో మా ఆవిడ గొంతుంది. 2015లో ఈ ల్యాప్‌టాప్‌నే వంటింటి గట్టు మీద పెట్టి, మా అమ్మాయి కోసం పనసపొట్టు కూర ఎలా చెయ్యాలో చెప్పించాను. ఇక్కడ వాళ్లు ఎచోడ్ అంటారు, రామ్‌రాజాతలా బజార్లో కోసి ఇస్తారు. కూర దించాక చల్లారనిచ్చి ఆవ కలపాలి, వేడిలో వేస్తే చేదెక్కుతుందని గట్టిగా చెబుతుంది. మూడేళ్ల తర్వాత ఆవిడ పోయింది.

ఆ రాత్రి మనవడు దాన్ని రెండు చోట్ల దాచి, తెరిచి పెట్టాడు. ల్యాప్‌టాప్ ఊపిరి లేనట్టు నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ మాట్లాడుతోంది, కుక్కర్ కూత వేసింది, దూరంగా లోకల్ రైలు హారన్. ఆ మాటల కింద సన్నగా ఇంకో చప్పుడు. ముందు ఫ్యాననుకున్నాను. మనవడే వాల్యూమ్ పెంచి, "తాతయ్యా, అది పాత డిస్క్ తిరుగుతున్న చప్పుడు" అన్నాడు.